"ఎవరి తప్పు?" అని అడుగుతున్నాం, "ఎందుకు జరిగింది?" అని కూడా అడుగుదాం



2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు కర్నూలు జిల్లా కల్లూరు మండలం చిన్నటేకూరు దగ్గర, 44వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాదు నుండి బెంగళూరు వెళ్తున్న ఒక ప్రైవేటు ఏ.సి. స్లీపర్ బస్సు కాలిపోయింది. బస్సులోని 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకు కొద్దిసేపటి ముందే అదే చోట బైకు మీద నుండి పడి చనిపోయిన యువకునితో కలిపి మొత్తం 20 మంది. ఎవరి దేహం ఎవరిదో తెలియక డి.ఎన్.ఏ. పరీక్షలు చేసిన తరువాతే బంధువులకు అప్పగించవలసి వచ్చింది.

ఆ వారమంతా మన ఊళ్లలో, బస్టాండ్లలో, ఆరాధన ముగిసిన తరువాత చెట్టు కింద కూడా ఒకటే ప్రశ్న వినిపించింది. "తప్పు ఎవరిది? డ్రైవరుదా, బైకు వానిదా, బస్సు యజమానిదా?" అడగవలసిన ప్రశ్నే. కానీ అది ఒక్కటే సరిపోదని మేము అనుకుంటున్నాము. తప్పు చేసినవారికి శిక్ష పడినంత మాత్రాన రేపు రాత్రి అదే రోడ్డు మీద వెళ్లే బస్సుకు రక్షణ కలగదు. "ఎందుకు జరిగింది, ఎట్లా జరిగింది, ఇంతమంది ఎందుకు బయటికి రాలేకపోయారు?" అని ఓపికగా, పద్ధతిగా వెదికి చెప్పగల మనుషులు కావాలి. ఆ పనికి ప్రత్యేకమైన చదువు, శిక్షణ ఉన్నాయి. అవి మన కర్నూలు, కడప జిల్లాలకు రావాలన్నదే ఈ వ్యాసంలో మా మనవి.

మొదట వినిపించిన కథ పూర్తి కథ కాదు

ఆ రోజు ఉదయం అందరికీ తెలిసిన కథ ఏమిటంటే, బస్సు వెనుక నుండి బైకును గుద్దింది, బైకు బస్సు కింద ఇరుక్కుంది, మంటలు లేచాయి. తరువాత బైకు మీద వెనుక కూర్చుని బ్రతికి బయటపడిన వ్యక్తిని పోలీసులు విచారించినప్పుడు సంగతి మారింది. బైకు ముందుగానే తనంతట తానే అదుపు తప్పి డివైడరును తాకింది. నడిపిన యువకుడు అక్కడికక్కడే చనిపోయాడు. బైకు రోడ్డు మీదనే పడి ఉంది. దాన్ని పక్కకు తీసేలోపు బస్సు వచ్చి దాని మీదికెక్కి, కొంత దూరం ఈడ్చుకుంటూ పోయింది. ఆ యువకుడు మద్యం తాగి ఉన్నట్టు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని కూడా పోలీసులు ప్రకటించారు.

ఒక్క సాక్షిని సరిగా అడిగినందుకు ప్రమాదం ఒకటి కాదు, వెంటవెంటనే జరిగినవి రెండు అని తెలిసింది. మొదటి ప్రమాదానికి, రెండవ ప్రమాదానికి మధ్య కొన్ని నిమిషాలున్నాయి. ఆ నిమిషాల్లో చీకట్లో పడి ఉన్న బైకు గురించి వెనుక వచ్చే వాహనాలకు హెచ్చరిక అందే మార్గం ఉండి ఉంటే ఏమయ్యేది? ఇది నేరానికి సంబంధించిన ప్రశ్న కాదు, నివారణకు సంబంధించిన ప్రశ్న. ఎఫ్.ఐ.ఆర్. కాగితంలో దీనికి స్థలం లేదు.

ఆకాశంలో ఒక పద్ధతి, నేల మీద ఇంకొక పద్ధతి

కర్నూలు జిల్లావారికి మరొక దర్యాప్తు గుర్తుండే ఉంటుంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలింది. ఒకప్పుడు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యునిగా పనిచేసిన ఆయనతో పాటు మరో నలుగురు మరణించారు. మరునాడు ఉదయం గాని శిథిలాలు కనబడలేదు.

అప్పుడు ఏమి చేశారు? ఆర్.కె. త్యాగి నాయకత్వాన నిపుణుల కమిటీ వేశారు. కాక్‌పిట్‌లోని మాటలను రికార్డు చేసే యంత్రాన్ని వెలికి తీసి, పైలట్లు ఏ నిమిషంలో ఏమి మాట్లాడుకున్నారో విన్నారు. వాతావరణ వివరాలు, యంత్ర భాగాలు, పైలట్ల శిక్షణ అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కు సంబంధించిన హెచ్చరిక దీపం వెలగడంతో పైలట్లు ఆరు నిమిషాలకు పైగా దానికి పరిష్కారం వెదకడంలోనే మునిగిపోయారని, ఆ సమయంలో తుఫాను మేఘంలోని బలమైన కిందిగాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పిందని కమిటీ తేల్చింది. "పైలట్ తప్పు" అని ఒక్క మాటలో ముగించలేదు. చిన్న హెచ్చరిక పెద్ద ప్రమాదం మీద నుండి మనిషి దృష్టిని ఎట్లా మళ్లించిందో అర్థం చేసుకున్నారు.

విమాన ప్రమాదాల దర్యాప్తు ఉద్దేశం మళ్లీ అటువంటి ప్రమాదం జరగకుండా చూడడమే గాని, నింద మోపడం కాదని అంతర్జాతీయ నియమం స్పష్టంగా చెబుతుంది. మన దేశంలో ఈ పనికోసమే 2012లో విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరోను ఏర్పరచారు. 2025 జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలినప్పుడు ఒక నెలలోనే ప్రాథమిక నివేదిక ప్రజల ముందుకు వచ్చింది. రైళ్ల విషయం చూడండి. 2013 డిసెంబరు 28న అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర నాందేడ్ ఎక్స్‌ప్రెస్ పెట్టె కాలి 26 మంది చనిపోయినప్పుడు రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తు జరిపారు. ఆ కమిషన్ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. తన తప్పును తానే విచారించుకోకూడదన్న జ్ఞానం అందులో ఉంది.

రోడ్డుకు మాత్రం ఇటువంటి సంస్థ లేదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. విమానంలో వెళ్లేవారి ప్రాణానికి ఉన్న దర్యాప్తు, ఆటోలో మిరపకోతకు వెళ్లే కూలి తల్లి ప్రాణానికి ఎందుకు లేదు? ఈ ప్రశ్న అడగడంలో మొహమాటం అక్కరలేదు.

ఒకే దారి, ఒకే వేళ

పద్ధతిగా చూడడం అంటే ఏమిటో ఒక చిన్న ఉదాహరణ. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున ఇదే హైదరాబాదు-బెంగళూరు దారిలో మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది చనిపోయారు. 2019 మే 11న వెల్దుర్తి దగ్గర బైకును తప్పించబోయిన బస్సు జీపును ఢీకొంది. పెళ్లి సంబంధం పనిమీద వెళ్లి తిరిగి వస్తున్న బంధువర్గం బలైంది. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున అదే వెల్దుర్తి మండలం మాదార్‌పురం వద్ద మదనపల్లె నుండి అజ్మీరు వెళ్తున్న టెంపో డివైడరు దాటి లారీని ఢీకొని 14 మంది చనిపోయారు. డ్రైవరు కునుకు తీశాడని కొందరు, టైరు పేలిందని కొందరు అన్నారు. 2025లో చిన్నటేకూరు.

ఈ నాలుగింటిలో మూడు తెల్లవారుజామున జరిగినవే. రాత్రి రెండు నుండి ఐదు గంటల మధ్య మనిషి శరీరం ఎంత అలవాటు పడినా నిద్రవైపే లాగుతుందని వైద్యశాస్త్రం చెబుతుంది. టీ తాగినా, ముఖం కడుక్కున్నా అది తాత్కాలికమే. కళ్లు తెరిచి ఉండగానే మెదడు కొన్ని సెకన్లు నిద్రపోతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకు అంటే దాదాపు 65 మీటర్లు ఎవ్వరూ నడపని బండి. రెండు బస్సుల్లో మంట లేచింది. రెండు ప్రమాదాల్లో రోడ్డు మీది బైకు ఉంది. నాలుగూ విడివిడి కేసులుగా ఉండిపోతే ఈ పోలికలు ఎవరికి కనబడతాయి?

కునుకా, టైరా అన్న ప్రశ్నకు కూడా శిక్షణ పొందినవారు జవాబు వెదకగలరు. రోడ్డు మీద బ్రేకు గుర్తులున్నాయా లేవా? టైరు ఢీకొనక ముందే పేలితే దాని చీలిక ఒక రకంగా, ఢీకొన్నప్పుడు చినిగితే మరొక రకంగా ఉంటుంది. బండి ఏ కోణంలో దారి తప్పింది? ఈ ఆనవాళ్లు కొన్ని గంటలే ఉంటాయి. క్రేను వచ్చి, ట్రాఫిక్ వదిలిన తరువాత వాటిని ఎవరూ తిరిగి తేలేరు.

ఒక వైద్యుడు నేర్పిన పద్ధతి

ప్రమాదాలను జబ్బులవలె పరిశీలించవచ్చునని చెప్పినవారిలో ముఖ్యుడు విలియం హాడన్ అనే అమెరికా వైద్యుడు. 1966లో ఆ దేశపు రహదారి భద్రతా సంస్థకు మొదటి అధిపతి అయ్యాడు. మలేరియా వస్తే రోగి, దోమ, నీటిగుంట మూడింటినీ చూస్తాము కదా. అట్లాగే ప్రమాదంలో మనిషిని, వాహనాన్ని, పరిసరాలను విడివిడిగా చూడాలన్నాడు. ఆ మూడింటినీ ప్రమాదానికి ముందు, ప్రమాదం జరిగే క్షణంలో, ప్రమాదం తరువాత అని మూడు వేళల్లో చూడమన్నాడు. అంటే తొమ్మిది గళ్ల పట్టిక.

చిన్నటేకూరును ఈ పట్టికలో పెట్టి చూడండి. ముందు: బైకు నడిపిన వ్యక్తి తాగిన మద్యం, బస్సు డ్రైవరు విశ్రాంతి, ఆ చోట రోడ్డు వెలుతురు, గస్తీ వాహనం. ఆ క్షణంలో: కారిన పెట్రోలు, ఈడ్చుకుపోయిన ఇనుము నుండి లేచిన నిప్పురవ్వలు, బస్సు లోపలి పరుపులు, కర్టెన్లు, లగేజీలో ఉన్నాయని వార్తల్లో వచ్చిన మొబైల్ ఫోన్ల పార్సిళ్లు. తరువాత: తలుపు తెరుచుకున్నదా, అత్యవసర ద్వారం ఎక్కడ ఉందో నిద్రలేచిన ప్రయాణికునికి తెలుసా, అద్దం పగలగొట్టే సుత్తి చేతికి అందేచోట ఉందా, ఫైరింజను ఎంతసేపటికి వచ్చింది, కాలిన గాయాలకు వైద్యం ఎంత దూరంలో దొరికింది. "డ్రైవరు నిర్లక్ష్యం" అన్న మాట ఈ తొమ్మిది గళ్లలో ఒక గడిని మాత్రమే నింపుతుంది. మిగతా ఎనిమిది ఖాళీగానే ఉంటాయి.

జేమ్స్ రీజన్ అనే ఇంగ్లండు ఆచార్యుడు మరొక పోలిక చెప్పాడు. మనవారికి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, నాలుగైదు జల్లెడలు ఒకదాని వెనుక ఒకటి పెట్టినట్టు. ప్రతి జల్లెడకూ చిల్లులున్నాయి. మామూలుగా ఒకదాని చిల్లును వెనుకనున్న జల్లెడ మూస్తుంది. ఏదో ఒక రోజు అన్ని చిల్లులూ ఒకే వరుసలోకి వస్తాయి, ఆనాడు ప్రమాదం సూటిగా దూసుకువస్తుంది. చివరి జల్లెడ దగ్గర నిలబడిన మనిషినే మనం పట్టుకుంటాము. మిగతా చిల్లులు అట్లాగే ఉండిపోతాయి.

ఆసుపత్రులకు ఈ ఆలోచన కొత్త కాదు. కాన్పులో తల్లి చనిపోతే ఎందుకు చనిపోయిందో సమీక్షించే పద్ధతి మన దేశంలో ఉంది. ఇంటిదగ్గర నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యమా, దారిలో ఆలస్యమా, ఆసుపత్రికి వచ్చిన తరువాత ఆలస్యమా అని మూడు ఆలస్యాలను విడదీసి చూస్తారు. నర్సమ్మను తిట్టడానికి కాదు, తరువాతి తల్లిని కాపాడడానికి. అదే ఓపిక రోడ్డు మీద చనిపోయినవారి పట్ల కూడా చూపాలి.

గాయం కూడా సాక్ష్యమే

ఈ పనిలో ఆసుపత్రులకు పెద్ద పాత్ర ఉంది. ఛాతీ మీద అడ్డంగా కమిలిన గీత ఉంటే సీటు బెల్టు పెట్టుకున్నాడని తెలుస్తుంది. స్టీరింగు తగిలిన ఛాతీ గాయం వేరు, డ్యాష్‌బోర్డు తగిలిన మోకాలి గాయం వేరు. మంటల్లో చనిపోయినవారి శ్వాసనాళంలో మసి ఉందా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉంది అని చూస్తే, మంట తాకేలోపే పొగకు స్పృహ తప్పిందా అన్నది తెలియవచ్చు. పొగకే చనిపోయారంటే బస్సులో పొగను పసిగట్టే పరికరం, త్వరగా తెరుచుకునే ద్వారం ముఖ్యం. తలుపు దగ్గర గుంపుగా పడి ఉన్నారంటే ద్వారం వెడల్పు, దాని తాళం గురించి ఆలోచించాలి. ఇట్లా గాయం నుండి బస్సు తయారీ దాకా దారి ఉంది. కానీ కేసు షీటులో "ఆర్.టి.ఏ." అని మూడు అక్షరాలు వ్రాసి ఊరుకుంటే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది.

రోడ్డు ఒక్కటే కాదు. 2018 ఆగస్టులో కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో పేలుడుకు పదిమందికి పైగా బలయ్యారు. వారిలో పొట్టకూటికి ఒడిశా నుండి వచ్చినవారే ఎక్కువ. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గనిలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి 10 మంది చనిపోయారు. రాళ్లు, గనులు మన ప్రాంతపు జీవనాధారం. పేలుడు పదార్థాన్ని ఎవరు, ఏ బండిలో, ఏ శిక్షణతో తెస్తున్నారన్న ప్రశ్న ప్రతి క్వారీలోనూ ప్రమాదానికి ముందే అడగవలసినది.

చట్టం ఉంది, మనుషులు కావాలి

ప్రమాదాల కారణాలను లోతుగా అధ్యయనం చేయడానికి పథకాలు పెట్టవచ్చునని 1988 మోటారు వాహనాల చట్టం 135వ సెక్షనే చెబుతుంది. 2019 సవరణతో రోడ్డు నిర్మాణ ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు కూడా లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఏ సెక్షన్ వచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుండి ప్రతి ప్రమాదంలో పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదికను, 90 రోజుల్లో వివరమైన నివేదికను క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఐ.ఐ.టి. మద్రాసు సహాయంతో తయారైన కంప్యూటరు వ్యవస్థలో ప్రమాద వివరాలు ఎక్కించాలి.

కానీ పట్టిక ఎంత మంచిదైనా నింపేవారికి ఏమి చూడాలో తెలియాలి కదా. ఒకే ఎస్.ఐ. గారు దొంగతనం, బందోబస్తు, ప్రమాదం అన్నీ చూడాలి. ఆయన బ్రేకు గుర్తును కొలిచి వేగం లెక్కకట్టాలని ఎవరూ నేర్పకుండా ఆశించడం న్యాయం కాదు. నేర్పే చోట్లు మన దేశంలోనే ఉన్నాయి. ఫరీదాబాదులోని రోడ్డు ట్రాఫిక్ విద్యా సంస్థ పోలీసులకు ఈ శిక్షణ ఇస్తుంది. ఐ.ఐ.టి. ఢిల్లీలో దశాబ్దాలుగా గాయాల నివారణ మీద పరిశోధన జరుగుతోంది. కోయంబత్తూరులో నిపుణులు ప్రమాద స్థలానికే వెళ్లి కొలతలు తీసి అధ్యయనం చేస్తున్నారు.

మేము కోరేది పెద్ద ఖర్చు కాదు. జిల్లాకు ఒక చిన్న బృందం చాలు: ఒక పోలీసు అధికారి, ఒక మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, ఒక రోడ్డు ఇంజనీరు, ఒక అగ్నిమాపక అధికారి, ఒక వైద్యుడు. వారికి కలిపి శిక్షణ ఇప్పించాలి. కలెక్టరు గారి అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు వారి నివేదికలు పెట్టాలి. వాటిని తెలుగులో ప్రజలకు అందుబాటులో ఉంచాలి. చేసిన సిఫారసు అమలు అయిందా లేదా అని ఆరు నెలలకు ఒకసారి అడగాలి.

"నింద వద్దంటే దోషి తప్పించుకుంటాడు కదా?" అని కొందరు అడగవచ్చు. బిడ్డను పోగొట్టుకున్నవారికి ఆ కోపం ఉండడం సహజం. మేము శిక్ష వద్దని చెప్పడం లేదు. కేసు దాని దారిన నడవాలి, నష్టపరిహారం అందాలి. దాని పక్కన, దానితో కలవకుండా, నేర్చుకోవడానికి మరొక విచారణ జరగాలని చెబుతున్నాము. జైలు భయం ఉన్నచోట డ్రైవరు "నాకు నిద్ర వచ్చింది, వరుసగా మూడో రాత్రి నడుపుతున్నాను" అని చెప్పడు. ఆ మాట బయటికి రాకపోతే మూడో రాత్రి కూడా బండి నడిపించే యజమాని పద్ధతి మారదు.

"తలరాత" అనే మాట కూడా మనలో ఉంది. ఓదార్పుకోసం చెప్పే మాటను కాదనము. కాని సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమందిని ఇతరులకంటే పాపులుగా ఎంచవద్దని బోధ విన్న మనం, చనిపోయినవారి మీద నింద వేసి చేతులు దులుపుకోలేము. గోపురం ఎందుకు కూలిందో చూడడం బ్రతికినవారి పని.

మీరు చేయగలిగినవి

1. ప్రమాదం చూస్తే వెంటనే 108కు ఫోను చేయండి. సాయం చేసినవారిని వేధించకూడదని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టరాదు.

2. రోడ్డు మీద బండి పడి ఉంటే ముందు మీరు రోడ్డు పక్కకు రండి. వెనుక వచ్చే వాహనాలకు దూరం నుండే కనబడేలా ఫోను దీపం, చెట్టుకొమ్మ, తెల్ల టవలు ఏదైనా ఊపండి.

3. గాయపడినవారిని పంపిన తరువాత, వీలైతే స్థలం ఫోటోలు తీయండి. బండ్లు ఉన్న తీరు, రోడ్డు మీది గుర్తులు, గుంతలు, బోర్డులు పడేటట్టు తీయండి. వాటిని పోలీసులకు ఇవ్వండి. దేహాల వీడియోలను ఎవరికీ పంపవద్దు.

4. ఆసుపత్రిలో వైద్యునికి పూర్తిగా చెప్పండి: ఏ సమయం, ఏ చోట, బండిలో ఎక్కడ కూర్చున్నారు, హెల్మెట్, బెల్టు ఉన్నాయా. మెడికో లీగల్ కేసుగా నమోదైనదో లేదో అడగండి.

5. 2025 మే నుండి అమలులో ఉన్న కేంద్ర పథకం క్రింద, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం అందుతుంది. అడగడానికి సంకోచించవద్దు.

6. పోలీసుల మొదటి నివేదిక, వివరమైన నివేదిక నకళ్లు అడగండి. అవి బాధితుల హక్కు. చదివించుకుని, తప్పుంటే చెప్పండి.

7. రాత్రి బస్సు ఎక్కగానే అత్యవసర ద్వారం, సుత్తి ఎక్కడున్నాయో చూసుకోండి. పిల్లలకూ చూపండి. లేకపోతే దిగే ముందు కాదు, బస్సు కదిలే ముందే అడగండి.

8. మీ ఊరి మలుపులో తరచుగా బండ్లు పడుతుంటే తేదీలతో ఒక పుస్తకంలో వ్రాసిపెట్టండి. ప్రాణం పోకపోయినా వ్రాయండి. జాతీయ రహదారిపై అర కిలోమీటరు పరిధిలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు జరిగినా, పదిమంది చనిపోయినా దాన్ని ప్రభుత్వమే ప్రమాద స్థలంగా గుర్తించాలని నియమం ఉంది. మీ పుస్తకం కలెక్టరు గారి ముందు మంచి సాక్ష్యం.

కడప నుండి రాయచోటికి గువ్వలచెరువు ఘాటు మీదుగా వెళ్లేవారు, నంద్యాల మీదుగా కర్నూలు ఆసుపత్రులకు తెల్లవారక ముందే బయలుదేరేవారు, క్వారీకి ట్రాక్టరులో వెళ్లేవారు మీలో ఎందరో ఉన్నారు. ఈ సంచిక చదివిన తరువాత మీ సంఘంలో, గ్రామసభలో, మీ ప్రజాప్రతినిధి వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడగమని కోరుతున్నాము: "మన జిల్లాలో ప్రమాదాన్ని శాస్త్రీయంగా దర్యాప్తు చేయడానికి శిక్షణ పొందినవారు ఎందరున్నారు?" జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.